మగ్గం ఆగకూడదు

కిందటి వారం మన వదినను మిల్లు గేటు దగ్గర, నోటీసు ముందు నిలబెట్టి వదిలేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. కాళ్ళు పీకుతుంటాయి, కథలోకి వెళ్ళిపోదాం.

కొత్తగా చేరిన పాఠకుల కోసం నాలుగు ముక్కలు. పోర్టు కూలీలు, బస్సు డ్రైవర్లు, అచ్చాఫీసు వాళ్ళు, ఆసుపత్రి ఆయాలు, మగ్గాల వాళ్ళు, ఇలా మొత్తం ఏడు యూనియన్లు. ఇన్నేళ్ళూ అర్జీలు పట్టుకుని పెద్ద పార్టీల గుమ్మాల చుట్టూ చెప్పులరిగేలా తిరిగారు. ఎన్నికల ముందు "మీరే మా ప్రాణం" అన్నవాళ్ళు ఎన్నికలయ్యాక "ఎవరు మీరు?" అన్నారు. విసిగి వేసారి ఏడు యూనియన్లూ కలిసి సొంతంగా ఒక పార్టీ పెట్టుకున్నాయి. ఆ పార్టీకిప్పుడు మూడు నెలలు, అంటే మెడ నిలబడే వయసు. అధ్యక్షుడు పోర్టులో క్రేను నడిపే పెద్దాయన. ఈ నియోజకవర్గంలో అభ్యర్థి వదిన.

ఎవరి వదిన అని అడక్కండి. ఎప్పుడో ఆమె మరిది ఇదే మగ్గాల షెడ్డులో నెల రోజులు పనిచేశాడు. పొద్దస్తమానం "వదినా, వదినా" అని పిలిచి, చెవులు పగిలే ఈ చప్పుడు నా వల్ల కాదని మానేసి వెళ్ళాడు. మనిషి వెళ్ళాడు గానీ పిలుపు ఉండిపోయింది. ఇప్పుడు తాతల వయసు వాళ్ళు కూడా ఆమెను వదినే అంటారు. మనకూ వదినే.

పార్టీ పెట్టిన రోజున యూనియన్ పెద్దలు ఒక నియమం రాసుకున్నారు. మన అభ్యర్థి ఎవరైనా సరే, గెలిచేదాకా చేస్తున్న పని మానకూడదు. ఇస్త్రీ బట్టలు తొడుక్కుని ముందే లీడరైపోతే వాడిక మనవాడు కాదు. చప్పట్లు మోగిపోయాయి. పోలింగు రోజున కూడా మన అభ్యర్థి పనిలోనే ఉండాల్సొస్తుందే అన్న సంగతి ఆ చప్పట్లలో ఒక్కరికీ తట్టలేదు. మిగతా పార్టీల అభ్యర్థులు ఆ రోజు కార్లలో పోలింగు బూతులు చుట్టి వస్తారు. తన కాళ్ళకు తానే బంధం వేసుకున్న పార్టీ మనదొక్కటే.

అంతకన్నా పెద్ద చిక్కు వదిన నోటితో తెచ్చుకుంది. బస్సుల యూనియన్ కార్యదర్శి కమిటీలో కూర్చుని, మీసం దువ్వుకుంటూ, "మగ్గాల వాళ్ళు సమ్మెకొస్తారు గానీ ఓటుకొస్తారా? ఎప్పుడొచ్చారు గనక?" అన్నాడు. వదినకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ రోజు పగటి షిఫ్టులో మేం మూడువందల ఒక్కరం. మూడువందల ఒక్క ఓటూ పడుతుంది. ఒక్కటి తగ్గినా ఈ కమిటీలో మళ్ళీ నోరెత్తను. నా కుర్చీ తీసి బయట పారేయండి," అంది. కోపంలో అన్న మాటే. కానీ వదిన మాటంటే మాటే, అది ఆమెకున్న రోగం.

పోలింగుకు ముందురోజు మధ్యాహ్నం గేటుకు నోటీసు అంటించారు.

"అత్యవసర ఆర్డరు దృష్ట్యా రేపు పగటి షిఫ్టు ఉదయం ఆరు నుండి సాయంత్రం ఆరు వరకు. ఓటు వేయదలచినవారు నిరభ్యంతరంగా వెళ్ళవచ్చును. అయితే ఏ మగ్గమైనను రెండు నిమిషములకు మించి ఆగినచో, ఆ మగ్గం చూచుకొను కార్మికుని ఆ క్షణముననే పని నుండి తొలగించబడును."

నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అంటే ఇదే. వెళ్ళొద్దని ఎక్కడన్నా ఉందా? లేదు. మర్యాదగా వెళ్ళి రమ్మన్నాడు మేనేజరు. కానీ బూతు రోడ్డుకవతల బడిలో. నడిచి, లైన్లో నిలబడి, తిరిగి వచ్చేసరికి ముప్పావు గంట. ఒక్కో మనిషికి నాలుగు మగ్గాలు. పడుగులో ఒక్క పోగు తెగితే మగ్గం దానంతటదే ఆగిపోతుంది, ముడి వేస్తేగాని కదలదు. కండెలో దారం అయిపోతే మార్చాలి. మనిషి లేకుండా రెండు నిమిషాలు కాదు కదా, అర నిమిషం కూడా నమ్మలేం.

అక్కడే ఆగాం. గేటు ముందు గుంపంతా వదిన ముఖం చూస్తోంది.

వదిన నోటీసు రెండోసారి చదివింది. మూడోసారి చదువుతుంటే ఆమెకు నవ్వొచ్చింది.

"ఇందులో మగ్గం ఆగకూడదని ఉంది గానీ, మనిషి కదలకూడదని ఎక్కడుంది?" అంది.

షెడ్డులో "చెయ్యప్పు" అని ఒక మర్యాద ఉంది. ఏ కాగితం మీదా లేదు, ఏ మేనేజరుకూ తెలీదు. బాత్రూముకి వెళ్ళాలంటే పక్కవాళ్ళ భుజం మీద రెండుసార్లు తట్టి వెళ్తారు. వాళ్ళు తమ నాలుగుతో పాటు ఈ నాలుగూ చూస్తారు. తిరిగి వచ్చాక ఒకసారి తడితే అప్పు తీరినట్టు. అది ఐదు నిమిషాల అప్పు. వదిన దాన్ని ముప్పావు గంటకు సాగదీసింది. ఆ సాయంత్రమే ఇంటి అరుగు మీద కూర్చుని, తెల్లకాగితం మీద జాబితా రాసింది. మూడువందల మంది జంటలు జంటలుగా, ఇరవై ఐదేసి మంది చొప్పున పన్నెండు జట్లు. ఒక జట్టు వెళ్తే వాళ్ళ జంటలు ఎనిమిదేసి మగ్గాలు చూడాలి. ఏడింటికి మొదటి జట్టు బయలుదేరితే నాలుగింటికల్లా ఆఖరి జట్టు తిరిగొస్తుంది. పోలింగు ఐదు దాకా. గంట చేతిలో ఉంది.

పక్కన కూర్చుని బటానీలు ఒలుస్తున్న మొగుడు, "ఇంత లెక్క వచ్చినదానివి, చిన్నప్పుడు లెక్కల్లో ఎందుకు తప్పావే?" అన్నాడు.

"అప్పుడు మేనేజరు లేడుగా," అంది వదిన.

పోలింగు రోజు ఏడింటికి షెడ్డులో ఇరవై ఐదు భుజాల మీద రెండేసి దెబ్బలు పడ్డాయి. ఇరవై ఐదు మంది తలుపులోంచి బయటికి నడిచారు. మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. అద్దాల గదిలోంచి మేనేజరు తొంగి చూశాడు. బయటికి వెళ్ళేవాళ్ళు కనపడుతున్నారు, ఆగిన మగ్గం మాత్రం కనపడటం లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

అతనికి కళ్ళు లేకపోయినా మేస్త్రీకి ఉన్నాయి. ఒక చేతిలో నోటుబుక్కు, ఇంకో చేతిలో వాచీ పట్టుకుని వరసల మధ్య తిరుగుతున్నాడు. ఆగిన మగ్గం నంబరు రాసుకోవడం ఆ రోజు ఆయన పని. ఈ మేస్త్రీ ఎవరో కాదు, వదిన మొగుడికి సొంత అన్న. పదకొండేళ్ళ క్రితం వదినను ఈ పనిలో పెట్టించింది ఆయనే, పోగు ముడి నేర్పిందీ ఆయనే. పార్టీ పెట్టిన నాటి నుంచి ఇంట్లో గానీ మిల్లులో గానీ ఆమెతో ఒక్క మాట లేదు. "అన్నం పెట్టిన చెయ్యిని కరుస్తారా?" అని తమ్ముడితో అన్నాడట. "అన్నం పెట్టింది మగ్గం బావగారూ, మేనేజరు కాదు," అని వదిన గోడ ఇవతల నుంచి అందట. రెండిళ్ళకూ గోడ ఒకటే కాబట్టి వినపడింది.

ఎనిమిదయింది, తొమ్మిదయింది. జట్టు వెళ్తోంది, జట్టు వస్తోంది. వచ్చినవాళ్ళు సిరా వేలు ఒకటి పైకెత్తి చూపించి, జంట భుజం మీద ఒకసారి తట్టి, పనిలో పడుతున్నారు. షెడ్డు చప్పుడులో నోటిమాట వినపడదు గనక మగ్గాల వాళ్ళు చేతులతో, పెదవులతోనే మాట్లాడుకుంటారు. ఆ రోజు వాళ్ళ చేతులు మామూలుగా లేవు. ఒక ముసలాయన రెండు వరసల అవతలికి సైగ చేశాడు: 'ముప్పై ఏళ్ళలో మొదటిసారి, పని మానకుండా షికారుకెళ్ళొచ్చా.' మధ్యాహ్నం రెండయ్యేసరికి తొమ్మిది జట్లు వెళ్ళొచ్చాయి. మేస్త్రీ నోటుబుక్కులో ఆ పేజీ కడిగిన పళ్ళెంలా ఉంది.

అప్పుడు మేనేజరు తన ఆఖరి అస్త్రం తీశాడు.

మగ్గాల షెడ్డు కప్పు కింద సన్నటి పైపులుంటాయి. వాటిలోంచి రోజంతా మంచులాంటి నీటి తుంపర పడుతూనే ఉంటుంది. నూలు పోగుకి తడే ప్రాణం. తడి తగ్గితే పెళుసెక్కి, ముట్టుకుంటే తెగుతుంది. రెండూ పదికి ఆ తుంపర ఆగిపోయింది. ఎవరికీ మొదట అర్థం కాలేదు. పావుగంటలో గాలి పొడిబారి, ముక్కుల్లోకి నూలు ధూళి ఎక్కింది. ఇక పోగులు తెగడం మొదలైంది. ఇక్కడొకటి, అక్కడ రెండు, ఈ వరసలో నాలుగు. జనం పరుగులు. ఎనిమిది మగ్గాల మధ్య ఉన్నవాళ్ళకైతే ఒకదానికి ముడి వేసేసరికి ఇంకోటి ఆగుతోంది. చెమటలు కారుతున్నాయి, వేళ్ళు కోసుకుపోతున్నాయి.

చివరి వరసలో కొత్తగా చేరిన ఒక పిల్ల మగ్గం ఆగింది. ఒకేసారి మూడు పోగులు తెగాయి, ఆ పిల్ల ఒక్కోదానికీ ముడి వేస్తోంది. మేస్త్రీ వెళ్ళి వెనకాల నిలబడ్డాడు. చేతిలో వాచీ. ఒక నిమిషం. నిమిషమున్నర. పది అడుగుల దూరంలో తన పోగు ముడి వేస్తూనే వదిన చూస్తోంది. సరిగ్గా అప్పుడే మేస్త్రీగారికి వాచీకి కీ ఇవ్వాలనిపించింది. తల దించుకుని, తీరిగ్గా కీ తిప్పుతూ నిలబడ్డాడు. మగ్గం మళ్ళీ కదిలాక తలెత్తాడు.

ఆ తర్వాత ఆయన తిన్నగా అద్దాల గదిలోకి వెళ్ళాడు. మాటలు వినపడవు. కానీ మగ్గాల వాళ్ళకు పెదవులు చాలు.

"సార్, తుంపర పెట్టించండి. బట్ట పాడైపోతోంది," అన్నాడు మేస్త్రీ.

"పాడవనీ," అన్నాడు మేనేజరు.

మేస్త్రీ బయటికి వచ్చాడు. ముఖం నల్లబడిపోయింది. వదిన జాలి పడింది. మనిషి మీద ఎంత కోపమున్నా, ఆయన బట్టను ఎలా తడిమి చూసుకుంటాడో ఆమెకు తెలుసు. బట్టలో ఒక్క పోగు లోటున్నా ఆ పూట అన్నం సయించని మనిషి.

తుంపర ఆగినా జట్లు ఆగలేదు. కాస్త ఆలస్యమయ్యాయి, అంతే. ఆఖరి జట్టు నాలుగున్నరకు చెమటలు తుడుచుకుంటూ తిరిగొచ్చింది. ఇరవై ఐదు వేళ్ళు పైకి లేచాయి. మూడువందలు! షెడ్డులో ఈల ఒకటి ఎవరికీ వినపడకుండా మోగింది. వదిన కళ్ళు తుడుచుకుంది. గెలిచాం అనుకుంది.

ఆ జట్టులో ఒకావిడ గబగబా వచ్చి ఒక చీటీ వదిన చేతిలో పెట్టింది. బూతులో మన పార్టీ ఏజెంటుగా కూర్చున్న మనిషి పంపింది. ఆ ఏజెంటు వదిన పక్క మగ్గాల మనిషే, షెడ్డులో అందరూ రేడియో అంటారు. ఆమె మగ్గాలు నాలుగూ వారంగా రిపేరులో ఉన్నాయి కాబట్టి సెలవు దొరికింది, అందరి ముఖాలూ ఎరుగును కాబట్టి ఏజెంటుగా పెట్టారు. పొద్దుటి నుంచీ మాట్లాడే వీల్లేక ఎంత ఉడికిపోయిందో ఆ చీటీలో తెలుస్తోంది.

"ఓసి నా తల్లీ! అందరి పేర్లకూ టిక్కు పెట్టాను. నీ పేరుకి లేదు. నువ్వెప్పుడొస్తావే? అవతలి పార్టీ ఏజెంట్లు నవ్వుతున్నారు, మీ అభ్యర్థికే మీ మీద నమ్మకం లేదేమో అని!"

వదిన అరచేత్తో నుదురు కొట్టుకుంది. మూడువందల మందిని జంటలు కట్టింది, జట్లు కట్టింది, తన పేరు రాసుకోవడం మర్చిపోయింది. వడ్డించే మనిషి పంక్తులన్నీ లేచాక గానీ తన విస్తరి గుర్తుచేసుకోదు చూడండి, అలా. దానికి తోడు ఆమెకు జంటే లేదు. ఒకవైపు గోడ, రెండో వైపు రేడియో మగ్గాలు రిపేరులో. మిగతా షెడ్డంతా ఎవరి నాలుగు మగ్గాలతో వాళ్ళు కుస్తీ పడుతున్నారు. ఈ పొడి గాలిలో దూరం నుంచి ఎవరిని పిలిచినా, వచ్చినవాళ్ళ మగ్గం ఆగుతుంది, వాళ్ళ పని ఊడుతుంది.

మూడువందల ఒకటి అంది తను. మూడువందలు కాదు. ఆ ఒక్కటీ తనదే తగ్గింది. బస్సుల కార్యదర్శి మీసం కళ్ళ ముందు కదిలింది.

ఎదురుగా నీడ పడింది. మేస్త్రీ. చేతిలో నోటుబుక్కు.

మూడు నెలల తర్వాత ఆయన ఆమె చెవి దగ్గరికి వంగి అరిచాడు. "ఓటేశావా?"

"లేదు బావగారూ."

"ఏం?"

"జాబితా నేనే రాశాను. నా పేరు మర్చిపోయాను."

మేస్త్రీ ఆమెను ఎగాదిగా చూశాడు. "ఈ మతితోనా మీరు రాజ్యం ఏలేది?"

"ఏలడం సంగతి తర్వాత బావగారూ. ముందీ పోగు ముడి వెయ్యనివ్వండి."

"పక్కకి జరుగు."

"ఇంకా ఆగలేదు. ఆగాక రాసుకోండి," అంది వదిన. పోగు మాత్రం వదల్లేదు.

మేస్త్రీ నోటుబుక్కు కిటికీలో పెట్టాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. "నీకు ముడి నేర్పిందెవరు?"

"మీరే."

"మరి నాకు మగ్గం చూడటం వచ్చా రాదా అన్నట్టు ఆ మొహమేంటి? పదకొండేళ్ళయింది నిజమే. చేతులు మర్చిపోవు. వెళ్ళు."

"మీ ఉద్యోగం పోతుంది బావగారూ. అక్క నన్ను చంపేస్తుంది."

"మీ అక్కే పొద్దున చెప్పింది, దాని మీద ఈగ వాలినా నాకు అన్నం లేదని." అరుస్తూనే ఆయన చేతులు అప్పుడే మూడో మగ్గం కండె మారుస్తున్నాయి. "నేను మీ పార్టీ వాణ్ణి కాదు. నా ఓటు పొద్దున్నే వేశాను, ఎవరికో అడక్కు, చెప్పను. కానీ ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ షెడ్డులో బట్ట పాడు చేసినవాణ్ణి ఒక్కణ్ణి కూడా వదల్లేదు. తెగిన పోగుకి ముడి వేసేవాడు నేతగాడు. కావాలని తెంపేవాణ్ణి ఏమనాలో నాకు తెలీదు. ఆ పని చేయించి అతను నాచేత రాయిస్తాడా? చస్తే రాయను. ఇంకా నిలబడ్డావేం? టైమవుతోంది!"

వదిన ఆయన భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. పెద్దవాడని ఆగింది. ఆయనే విసుగ్గా భుజం ముందుకు వంచాడు. రెండుసార్లు తట్టింది. తట్టి పరుగు తీసింది.

పాఠకులారా, ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ఒంటి నిండా నూలు ధూళితో, కొంగు నడుముకి బిగించి, నడిరోడ్డు మీద బడిపిల్లలా పరుగెత్తింది. ఏడుస్తూ పరుగెత్తింది, నవ్వుతూ పరుగెత్తింది. ఒక బస్సు ఆమె కోసం బ్రేకు వేసి ఆగింది. డ్రైవరు తిట్టడానికి నోరు తెరిచి, గుర్తుపట్టి, హారను కొట్టాడు. అది మన యూనియన్ బస్సే.

బూతులో రేడియో ఆమెను చూసి లేచి నిలబడబోయి, ఆఫీసరు చూపుకి కూలబడింది. వదిన వేలికి సిరా పెట్టించుకుంది. చాటున నిలబడి ఓటు కాగితం చూసింది. అచ్చాఫీసు యూనియన్ వాళ్ళు కాపలా కాసి మరీ అచ్చు వేయించిన కాగితం. మూడో వరసలో తన పేరు. పదకొండేళ్ళు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా అచ్చులో చూసుకోని పేరు. ముద్ర వేస్తుంటే చెయ్యి వణకలేదని తర్వాత మొగుడితో గొప్పగా చెప్పుకుంది. కొంచెం వణికింది, నాకు తెలుసు.

బయట వేప చెట్టు నీడలో క్రేను పెద్దాయన, ఆయన పక్కన బస్సుల కార్యదర్శి. కార్యదర్శి పొద్దుటి నుంచీ అక్కడే కూర్చుని, వచ్చే ప్రతి మగ్గాల మనిషినీ లెక్కపెడుతున్నాడు. నమ్మకం లేక వచ్చినవాడు, మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదట.

"ఎంత?" అని అడిగింది వదిన రొప్పుతూ.

"మూడువందల ఒకటి." కార్యదర్శి లేచి నిలబడ్డాడు. మీసం మీద చెయ్యి వెయ్యలేదు. "మా డిపోలో ఇంకా నలభై మంది రాలేదు. నేను... మగ్గాల వాళ్ళ గురించి ఆ రోజు తప్పు మాట్లాడాను వదినా."

అతని నోట ఆ పిలుపు రావడం అదే మొదలు. ముప్పై ఏళ్ళుగా ఇనుప పెట్టెలు ఎత్తి దించిన క్రేను పెద్దాయన, కళ్ళొత్తుకోవడానికి చేతిరుమాలు వెతుక్కుంటున్నాడు. "మన నియమం ఒకటి తప్పు రాశాం చెల్లెమ్మా. అభ్యర్థిని పోలింగు నాడు షెడ్డులో పడేశాం," అన్నాడు.

"తప్పేం లేదన్నా," అంది వదిన. "నేను బయట కారులో తిరుగుతుంటే లోపల ఒక్కరు కదిలేవారా? ఆ నియమం అలాగే ఉంచండి. నేను పోతా, మా బావగారు మగ్గం మీదున్నారు."

తిరిగి వచ్చేసరికి ఐదయింది. అవతల బడి తలుపులు మూస్తున్న చప్పుడు వినపడింది. ఇవతల షెడ్డు తలుపు తీయగానే ఆమెకు కనపడింది, తన మగ్గాల దగ్గర మేనేజరు.

నాలుగు మగ్గాలూ ఆడుతున్నాయి. మేస్త్రీ ఆఖరి దాని మీద వంగి ముడి వేస్తున్నాడు. వెనక్కి తిరగడం లేదు. మేనేజరు ఆయన చెవిలో అరుస్తున్నాడు. వదినకు పెదవులు కనపడుతున్నాయి. "మేస్త్రీవై ఉండి మగ్గం ముట్టుకుంటావా? నోటుబుక్కు ఏది? ఒక్క నంబరూ లేదేం? ఇరవై తొమ్మిదేళ్ళు తిన్నావు కదరా ఈ మిల్లు తిండి!"

మేస్త్రీ ముడి పూర్తి చేశాడు. మగ్గం కదిలించాడు. అప్పుడు తిరిగాడు. "తిన్నాను సార్. అందుకే బట్ట పాడవనివ్వలేదు."

"నువ్వు రేపటి నుంచి రానక్కర్లేదు. ఇప్పుడే వెళ్ళు!"

ఆ మాట పెదవుల మీద షెడ్డంతా చదివింది. మూడువందల మంది చదివారు.

మొదట ఆగింది ఎవరి మగ్గమో వదిన చూడలేదు. కొత్త పిల్లది అని తర్వాత చెప్పారు. ఆ పిల్ల చెయ్యి చాచి పిడి లాగింది. పక్కవాళ్ళు చూశారు. పిడి లాగారు. ఆ పక్కవాళ్ళు లాగారు. ఒక వరస ఆగింది, రెండో వరస ఆగింది. పొద్దుటి నుంచీ ఏ మగ్గం రెండు నిమిషాలు ఆగకుండా చూడటానికి ప్రాణాలు పెట్టిన చేతులే, ఒక్కొక్క మగ్గాన్నీ నింపాదిగా ఆపుకుంటూ వచ్చాయి. వదిన తన మగ్గాల దగ్గరికి నడిచి వచ్చి, బావగారి పక్కన నిలబడి, నాలుగు పిడులూ వరసగా లాగింది. అవే ఆఖరివి.

పన్నెండువందల పైచిలుకు మగ్గాలు. ఆ నిశ్శబ్దం ఎవరూ ఎప్పుడూ విని ఎరగరు. ఎవరో దగ్గితే షెడ్డు ఆ చివర నుంచి ఈ చివరకు వినపడింది. పక్కపక్కన పదేళ్ళు పనిచేసినవాళ్ళు ఒకరి ఊపిరి ఒకరు వినడం అదే మొదలు.

"ఎవరు ఆపమన్నారు?" మేనేజరు అలవాటు కొద్దీ అరిచాడు. అరవక్కర్లేదు కాబట్టి ఆ అరుపు అతనికే అసహ్యంగా వినపడింది. "నోటీసు చదవలేదా? ఎవరు ఆపమన్నారు?"

"చదివామండీ," అంది వదిన మామూలు గొంతుతో. మామూలు గొంతు షెడ్డంతా వినపడింది. "రెండు నిమిషాలు దాటితే తీసేస్తామన్నారు. రాసుకోండి. నంబరు ఒకటి నుంచి ఆఖరి నంబరు దాకా రాసుకోండి. రాసే మేస్త్రీగారిని తీసేశారు కాబట్టి మీరే రాసుకోవాలి."

ఎక్కడో ఒక ముసలి గొంతు కిసుక్కుమంది. ఆ నవ్వు వరసల వెంట పాకి, కప్పుకు తగిలి, మూడువందల మంది నవ్వయింది. మేస్త్రీ ఒక్కడే నవ్వలేదు. తల వంచుకుని చేతులకంటిన నూలు దులుపుకుంటున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడం లేదు.

మేనేజరు ముఖం ఎర్రబడింది, తెల్లబడింది. తలుపు వైపు తిరిగి కేకేశాడు. "గేటు మూసెయ్యండి! నా మాట లేకుండా ఒక్క పురుగు బయటికి వెళ్ళడానికి వీల్లేదు! మిల్లు నాదా, వీళ్ళ పార్టీదా తేల్చుకుంటా!"

దూరంగా ఇనుప గేటు కిర్రుమంటూ మూసుకుంది. తాళం పడ్డ చప్పుడు కూడా స్పష్టంగా వినపడింది. తర్వాత అడుగుల చప్పుడు. గేటు కాపలా ముసలాయన షెడ్డులోకి వచ్చాడు. ఖాకీ చొక్కా, చేతిలో పెద్ద తాళంచెవి. రోజూ సాయంత్రం ఆ తాళంచెవి తెచ్చి మేనేజరు బల్ల మీద పెట్టి, సలాము చేసి వెళ్ళడం ఆయన పని. ఏ యూనియన్‌లోనూ లేడు. ఎవరి జోలికీ పోడు. పొద్దుటి నుంచీ వెళ్ళేవాళ్ళకు గేటు తీశాడు, వచ్చేవాళ్ళకు తీశాడు, మాట్లాడలేదు.

మేనేజరు చెయ్యి చాచాడు. "ఇటు తే."

ముసలాయన ఆ చేతిని చూశాడు. తర్వాత మేస్త్రీని చూశాడు. ఆగిన మగ్గాల వరసలను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. ఆఖరికి వదిన వైపు తిరిగి, రెండు చేతులతో తాళంచెవి పట్టుకుని, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"అమ్మా, ఇది ఇక మీదట ఎవరికివ్వాలి?"